నొప్పెక్కడో ఒక్క వేలితో చూపించు నాన్నా

(విజయవాడలో తల్లిదండ్రులకి, పీఈటీ మాస్టార్లకి ఒక ఎముకల డాక్టరుగారు చెప్పిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లోకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడులో నా గొంతు కలిసిపోతుందేమో, వినపడకపోతే మొహమాటపడకుండా చెప్పండి. ఆదివారం పూట బెజవాడ ఎండలో పిల్లల్ని కూడా వెంటేసుకుని వచ్చారు, అందుకని ఎక్కువసేపు విసిగించను.

ముందు ఒక పని చేద్దాం. పిల్లలు మాత్రమే, పెద్దవాళ్ళు కాదు, పెద్దవాళ్ళని అడిగితే హాలంతా చేతులెత్తుతుంది. ఈ నెల రోజుల్లో నడుం నొప్పి వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి. ఇంజెక్షన్ లేదు, భయపడకండి. ఆఁ... చూశారా ఎన్ని చేతులో. అక్కడ ఒకమ్మగారు వాళ్ళబ్బాయి వైపు చూస్తున్నారు, "నాకెప్పుడు చెప్పావురా" అన్నట్టు. చెప్పే ఉంటాడమ్మా. మీరు కూర వండుతూ ఊఁ అనుంటారు.

సరే, ఎత్తినవాళ్ళు ఇప్పుడు నొప్పి ఎక్కడో నాకు చూపించండి. ఎక్కువమంది అరచెయ్యి నడుం మీద పరిచి అటూ ఇటూ రుద్దారు. మూడో వరసలో నీలం టీషర్టు అబ్బాయి ఒక్కడు మాత్రం వేలితో ఒకే చోట పొడిచి చూపించాడు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

నేను ఎంబీబీఎస్ చదివే రోజుల్లో మా సార్లు ఒక మాట చెప్పేవారు. పెద్దవాళ్ళకి నడుం నొప్పి వస్తే కండరం అనుకో, పిల్లలకి వస్తే జబ్బు అనుకో అని. ఆ మాట ఇప్పుడు సగం పాతబడింది. పద్దెనిమిదేళ్ళు వచ్చేలోపు చాలామంది పిల్లలకి ఒక్కసారన్నా నడుం నొప్పి వస్తుంది, వాళ్ళలో ఎక్కువమందికి ఎంత వెతికినా ఫలానా అని చెప్పే కారణం దొరకదు, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. మిగతా సగం మాట మాత్రం ఇంకా పనికొస్తుంది. ఎందుకంటే కొద్దిమందిలో నిజంగా ఏదో ఉంటుంది, ఆ కొద్దిమందిని మిగతా గుంపులోంచి ఏరడమే మా పని. ఎలా ఏరతాం? మెషీన్‌తో కాదండీ, పిల్లాడు చెప్పేది విని. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఇదే, టైమున్నవాళ్ళు మిగతాది కూడా వినండి.

నా దగ్గరికి రెండు రకాల అమ్మానాన్నలు వస్తారు. మొదటి రకం, "వీకెండ్ టెస్టు ఉంటే చాలు సార్ వీడికి నడుం నొప్పి వస్తుంది, నాటకాలు" అంటూ వస్తారు. రెండో రకం నా దగ్గరికి వచ్చేసరికే చేతిలో ఎంఆర్ఐ ఫిల్ము కవరుంటుంది. ఎవరు రాశారండీ అంటే, ఎవరూ రాయలేదు, మేమే తీయించాం అంటారు. ఆ మధ్య ఒకావిడ అలాగే వచ్చి కూర్చుని ఏడుపు. పదిహేనేళ్ళ పాప, రిపోర్టులో డిస్క్ బల్జ్ అని, అంటే పూసల మధ్య మెత్త ఉబ్బిందని ఉంది. పక్కింటివాళ్ళు అప్పుడే చెప్పేశారట, ఆపరేషనంటారు, రేపు పెళ్ళికి ఇబ్బంది అని. పాప ముందే ఇవన్నీ. అమ్మా, ఏ నొప్పీ లేని పిల్లల్ని వరసగా పడుకోబెట్టి ఎంఆర్ఐ తీసినా కొందరిలో డిస్క్ కొంచెం ఎండినట్టో ఉబ్బినట్టో కనపడుతుంది. కనపడిందల్లా కారణం కాదు. ఆ పాప పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లలో బల్ల మీద కూర్చుంటోంది, ఆటల్లేవు, నిద్ర ఐదు గంటలు. ఫిల్ములో ఇది పడుతుందా? పడదు. అడిగితే చెప్పింది, రెండు నిమిషాల్లో.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను, ఎందుకంటే ఇక్కడ పీఈటీ మాస్టార్లు చాలామంది ఉన్నారు. కొన్నేళ్ళ కిందటి సంగతి. పదహారేళ్ళ కుర్రాడు, ఫాస్ట్ బౌలరు, మంచి పొడగరి. నడుం నొప్పన్నాడు. నొక్కి చూశాను, ఎక్స్‌రే తీయించాను, మామూలుగా ఉంది. కండరం పట్టింది అని పది రోజులకి మాత్రలు రాసి పంపాను. తగ్గిందని మళ్ళీ బౌలింగుకి వెళ్ళాడు. రెండోసారి వచ్చాడు, మళ్ళీ మాత్రలే రాశాను. మూడోసారి వాళ్ళ నాన్నగారు వచ్చి, "సార్, వీడికి సెలక్షన్స్ ఉన్నాయి, నొప్పి దాచుకుని వేస్తున్నాడు, మీరొక్కసారి గట్టిగా చూడండి" అన్నారు. అప్పుడు చేశాను, మొదటి రోజే చెయ్యాల్సిన పని. నిలబెట్టి వెనక్కి వంగమన్నాను. వంగగానే మొహం మారిపోయింది. ముందుకి వంగమంటే వేళ్ళు నేలకి ఆనించాడు, బాధ లేదు. వెనక్కి వంగితేనే, ఎడమ పక్కనే, ఒకే చోట. ఎంఆర్ఐ తీస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే పగులు. నా మాత్రలతో అతను రెండు నెలలు విరుగుతున్న ఎముక మీద బౌలింగు చేశాడు.

దీన్ని స్పాండిలోలైసిస్ అంటారు. పేరు పెద్దది, సంగతి చిన్నది. వెన్నుపూసకి ముందు దిమ్మలాంటి భాగం, వెనక రింగులాంటి భాగం ఉంటాయి. ఆ రింగులో సన్నటి ఇరుకు ముక్క ఒకటుంది, పార్స్ అంటాం. వెనక్కి విల్లులా వంగి, ఒక పక్కకి తిరిగి, అదే ఊపుతో ముందుకి పడితే ఒత్తిడంతా ఆ ముక్క మీదే పడుతుంది. ఒక్కసారికేం కాదు. సెంట్రింగు పనివాళ్ళు కట్టుతీగని ఎలా తెంపుతారు? కత్తిరించరు, అటూ ఇటూ వంచుతారు, పదోసారికో పదిహేనోసారికో పుటుక్కున తెగుతుంది. ఇదీ అంతే. చాలావరకు నడుంలో ఐదో పూసకి వస్తుంది. కుడిచేత్తో వేసే బౌలరుకి ఎడమ పక్క విరగడం ఎక్కువ. బుమ్రాకి 2019లో వచ్చింది ఈ నడుం స్ట్రెస్ ఫ్రాక్చరే, 2022లో వెన్ను గాయంతోనే టీ20 ప్రపంచ కప్పుకి దూరమయ్యాడు, 2023లో న్యూజిలాండ్ వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలరు కమిన్స్ 2011లో పద్దెనిమిదేళ్ళకే టెస్టు ఆడేశాడు, తర్వాతి టెస్టు ఆడింది 2017లో, మధ్యలో ఐదేళ్ళు పోయింది ఎక్కువగా ఈ వెన్ను వల్లే. వాళ్ళ చుట్టూ ఫిజియోలు, స్కానింగులు, డాక్టర్లు ఉంటారు. మన పిల్లాడి చుట్టూ ఎవరున్నారు? మాస్టారూ, మీరే ఉన్నారు.

కాబట్టి మాస్టార్లకి నా విన్నపం, ఓవర్లు లెక్కపెట్టండి. స్కూలు టీముకి ఎన్ని వేశాడు అని కాదు. పొద్దున అకాడమీలో, సాయంత్రం స్కూల్లో, ఆదివారం మున్సిపల్ స్టేడియం దగ్గర ఇంకో టీముకి, రాత్రి వీధిలో టెన్నిస్ బంతితో, అన్నీ కలిపి. అన్నీ ఒకే నడుం మీద కదా పడేది! అమ్మాయిలున్న తల్లులు మాకు క్రికెట్ గోల లేదులే అనుకోకండి. జిమ్నాస్టిక్స్, వెయిట్ లిఫ్టింగు చేసే పిల్లలకీ వస్తుంది. మన కూచిపూడి నేర్చుకునే పిల్లలు అరమండిలో నడుం వెనక్కి ఒంచేసి గంటలకి గంటలు నిలబడుతుంటే కూడా నేను ఈ మాటే అడుగుతాను, వెనక్కి వంగితే నొప్పా, ముందుకి వంగితే నొప్పా?

ఎక్స్‌రే బాగుందన్నారు కదా సార్ అంటారు. మొదట్లో ఇది ఎక్స్‌రేలో కనపడదండీ. పూర్వం ఏటవాలుగా ఎక్స్‌రేలు తీసి చూసేవాళ్ళం, పూస వెనక భాగం కుక్కపిల్ల బొమ్మలా కనపడేది, విరిగితే కుక్క మెడకి పట్టీ కట్టినట్టుండేది. మెడికల్ స్టూడెంట్లకి ఆ బొమ్మంటే ఇష్టం, పరీక్షలో తప్పకుండా వస్తుంది. ఇప్పుడు అవి చాలామంది మానేశాం, రేడియేషన్ ఎక్కువ, దొరికేది తక్కువ. ఎముక విరగబోయే ముందు లోపల నీరు పడుతుంది, అది ఎంఆర్ఐలో కనపడుతుంది, రేడియేషనూ ఉండదు. విరిగింది అతుక్కుందా లేదా చూడాలంటే ఆ ఒక్క పూస వరకే సీటీ స్కాన్ తీస్తాం. ఇంకో చిక్కుంది, నూటికి ఆరుగురు పెద్దవాళ్ళలో ఈ పాత పగులు ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు, కాబట్టి ఫిల్ములో పాత గీత కనపడినంత మాత్రాన ఇవాళ్టి నొప్పికి అదే కారణమని రాసెయ్యకూడదు. ఆ బౌలింగు కుర్రాడు ఏమయ్యాడంటారా? మూడు నెలలు పూర్తిగా ఆట బంద్, తర్వాత పొట్ట, నడుం కండరాలకి ఎక్సర్‌సైజులు, మెల్లగా మళ్ళీ బౌలింగు. ఆ ఏడాది సెలక్షన్స్ పోయాయి. వాళ్ళ నాన్నగారు నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదనిపిస్తుంది.

రెండు పక్కలా విరిగితే పై పూస ముందుకి జారొచ్చు. ఎదిగే వయసులో జారుడు పెరగొచ్చు కాబట్టి నిలబెట్టి పక్క నుంచి ఎక్స్‌రే తీసి, అప్పుడప్పుడూ మళ్ళీ తీసి చూస్తాం. ఈ పిల్లలకి తొడ వెనక కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి, కాలు చాపి వంగి బూటు లేసు కట్టుకోలేరు. చిన్న గుర్తే, పనికొస్తుంది.

ముందుకి వంగితే నొప్పి, కూర్చుంటే నొప్పి, దగ్గితే కాలి పిక్కలోకి జివ్వుమని దిగుతుంది అంటే అప్పుడు డిస్కు ఆలోచిస్తాను. పిల్లల్లో నిజమైన డిస్కు జబ్బు పెద్దవాళ్ళలో కన్నా చాలా తక్కువ. ఈ మధ్య పదహారేళ్ళ పిల్లలు జిమ్ముల్లో ఎవరూ నేర్పకుండానే డెడ్‌లిఫ్టులు ఎత్తేసి వస్తున్నారు. వద్దనను. నేర్చుకుని ఎత్తండి బాబూ అంటాను.

గూని సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల పిల్లలు ఇళ్ళల్లో దెబ్బలు తింటున్నారు. నిటారుగా కూర్చోరా అని వీపు మీద ఒక్కటి వేస్తారు. కూర్చోగలిగితే కూర్చుంటాడు కదండీ. బోర్లా పడుకోబెట్టి తలా ఛాతీ పైకెత్తమనండి. వంపు పోతే అలవాటు, ఫర్వాలేదు. పోకుండా మూపు దగ్గర గట్టిగా అలాగే ఉండిపోతే అది షోయర్‌మాన్ జబ్బు కావచ్చు, సుమారు వందేళ్ళ కిందట డెన్మార్క్ డాక్టరు ఒకాయన చెప్పింది. పూసలు ముందు వైపు ఎత్తు తగ్గి, తలుపు కింద దోపే చెక్కముక్కలా ఒక పక్క సన్నగా తయారవుతాయి, వరసగా మూడు పూసలు ఒక్కొక్కటీ 5 డిగ్రీలకి తగ్గకుండా అలా ఉంటే ఆ పేరు పెడతాం. ఇక పక్క వంపు, స్కోలియోసిస్. అమ్మాయి చేతులు జోడించి ముందుకి వంగితే వెనక నుంచి చూడండి, ఒక పక్క వీపు ఎత్తుగా లేస్తుందా అని. వంపు 10 డిగ్రీలు దాటితేనే స్కోలియోసిస్ అంటాం. మామూలు స్కోలియోసిస్ అంతగా నొప్పెట్టదు. మరి వంకరా ఉండి, గట్టి నొప్పీ ఉంటే? అప్పుడు నేను కుర్చీలో కొంచెం ముందుకి జరుగుతాను.

అలా జరిగిన రోజు ఒకటి చెప్తాను. గుంటూరు వైపు నుంచి వచ్చిన పాప, పదమూడేళ్ళు. నడుం ఒక పక్కకి వంగిపోయి ఉంది. ఎప్పుడు నొప్పమ్మా అంటే రాత్రుళ్ళు అంది. నిద్రలోంచి లేపేస్తోందట. వాళ్ళమ్మగారు అన్నారు, "బ్రూఫెన్ సగం మాత్ర వేస్తే పడుకుంటుంది సార్, అరగంటలో, పగలు బానే ఉంటుంది". ఆ ఒక్క మాటతో సగం జబ్బు బయటపడిపోయింది. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అని ఒక చిన్న గడ్డ, శనగ గింజంత ఉంటుంది, క్యాన్సర్ కాదు. అది నొప్పి పుట్టించే పదార్థాన్ని అక్కడికక్కడే తయారుచేస్తుంది, బ్రూఫెన్ లాంటి మాత్రలు సరిగ్గా ఆ పదార్థాన్నే ఆపుతాయి, అందుకే అంత హాయిగా తగ్గుతుంది. సీటీలో దొరికింది, సూదితో కాల్చేశారు. చూడండి, కీలకం ఎవరి దగ్గరుంది? అర్ధరాత్రి లేచి మాత్ర వేసిన అమ్మ దగ్గర.

రాత్రి నొప్పి అనగానే మన దేశంలో రెండో ఆలోచన టీబీ. ఊపిరితిత్తులకే వస్తుందనుకుంటాం, వెన్నుపూసకీ వస్తుంది. 1779లోనే పాట్ అనే ఇంగ్లీషు డాక్టరు రాశాడు దీని గురించి. సాయంత్రం పూట సన్నటి జ్వరం, ఆకలి లేదు, బరువు తగ్గుతున్నాడు, వంగమంటే వెన్ను కర్రలా బిగబట్టి మోకాళ్ళ మీద కూర్చుని వస్తువు తీసుకుంటాడు, వంగడు. ఎంఆర్ఐ చూసి, పూస దగ్గర్నుంచి చీము గానీ చిన్న ముక్క గానీ తీసి పరీక్ష చేయించి నిర్ధారించుకోవాలి. మందులు గవర్నమెంటు ఉచితంగా ఇస్తుంది, ఏడాది దాకా వాడాల్సి రావచ్చు, మధ్యలో మానకూడదు.

మన ఊళ్ళల్లో నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించేవాళ్ళు. నవ్వుతున్నారు, అంటే మీలో తన్నించుకున్నవాళ్ళు ఉన్నారన్నమాట. మా మేనత్త ఎదురుకాళ్ళతో పుట్టింది, మా వీధి వీధంతా ఆవిడ ముందు బోర్లా పడుకునేది. పట్టేసిన కండరం ఎలాగూ నాలుగు రోజుల్లో వదులుతుంది, పేరు మా అత్తకి వచ్చేది. పెద్దవాళ్ళు మీ ఇష్టం. టీబీ పట్టి మెత్తబడిన పూస ఉన్న పిల్లాడిని తన్నిస్తే ఏమవుతుందో ఆలోచించండి. పిల్లల్ని మాత్రం తన్నించొద్దు, గట్టిగా తొక్కించొద్దు.

ఇంకా కొన్ని గబగబా చెప్పేస్తాను. పాలిపోయి, నీరసంగా, ఒంటి మీద ఊరికే కమిలిన మచ్చలు, ఎముకల్లో నొప్పులంటే ముందు రక్త పరీక్ష. లుకేమియా, అంటే రక్త క్యాన్సరు, ఒక్కోసారి నడుం నొప్పితోనే మొదలవుతుంది, అందుకే అనుమానం ఉంటే సీబీపీ, ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్త పరీక్షలు రాస్తాను, ఖర్చు తక్కువ, చెప్పేది ఎక్కువ. పొద్దున లేవగానే అరగంట పైన బిగుసుకుపోయి, అటూ ఇటూ తిరిగితే వదులుతోంది, మడమ నొప్పి కూడా ఉంది, ఒకసారి కన్ను ఎర్రబడింది అంటే అది కీళ్ళవాతం రకం. ఆ పిల్లలకి విశ్రాంతి ఇస్తే నొప్పి పెరుగుతుంది! దానికి చేసే హెచ్ఎల్ఏ బీ27 అనే రక్త పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు, అది గుర్తుంచుకోండి. జ్వరం, మూత్రం మంట, పక్క డొక్కలో నొప్పి ఉంటే వెన్నుని వదిలేసి కిడ్నీ చూడాలి. అమ్మాయిల్ని నెలసరి గురించి అడగాలి, నాన్నగారిని కాసేపు బయట కూర్చోబెట్టి అడగాలి.

స్కూలు బ్యాగు గురించి ఇంకా ఎందుకు అనలేదా అని చూస్తున్నారు. తెలుసు. 2020 కేంద్ర ప్రభుత్వ పాలసీ బ్యాగు బరువు పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదంటుంది, మంచిదే, తగ్గించండి. కానీ బ్యాగు వల్లే నడుం నొప్పి వస్తుందని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. బ్యాగుని తిట్టేసి ఊరుకుంటే మిగతావి అడగడం మానేస్తాం. నాకు కనపడేది ఎక్కువగా కదలకపోవడం, నిద్ర లేకపోవడం, టెన్షన్. హాస్టల్ నుంచి వచ్చిన ఒక ఇంటర్ కుర్రాడు అన్ని పరీక్షలూ బాగున్నాక, వాళ్ళ నాన్న ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్ళినప్పుడు, "సార్, నాకు ఎంపీసీ వద్దు" అన్నాడు. నడుం నొప్పి అబద్ధం కాదండీ. నొప్పి నిజమే, ఆ బిగుతూ నిజమే. నాటకం అనే మాట దయచేసి వాడకండి. అలాంటి పిల్లలకి స్కాను బదులు రోజూ గంట ఆట, ఏడెనిమిది గంటల నిద్ర రాస్తాను, ఆ చీటీ చూసి ఫీజు దండగైందన్నట్టు మొహం పెట్టినవాళ్ళూ ఉన్నారు.

ఎప్పుడు ఆగకూడదు? కాళ్ళు బలహీనపడి తూలుతున్నా, మూత్రం, దొడ్డి పట్టు తప్పుతున్నా, జ్వరంతో వెన్ను బిగుసుకున్నా, ఆ రోజే. రాత్రి నిద్ర లేపే నొప్పి, బరువు తగ్గడం, ఒకే చోట నొప్పి, నాలుగు వారాలు దాటిన నొప్పి, ఆట వదిలేసి పక్కన కూర్చునే నొప్పి, ఇవుంటే ఆ వారంలో. మిగతావాళ్ళు కంగారు పడకండి, మంచం పట్టించకండి, తిరగనివ్వండి.

టైమైపోయిందంటున్నారు. ప్రశ్నలు కింద మాట్లాడుకుందాం, టీ కూడా ఉందట. నీలం టీషర్టు అబ్బాయీ, నువ్వు ఏం ఆడతావమ్మా? ... బౌలింగా. ఎన్నాళ్ళ నుంచి నొప్పి? ... సరే. కంగారేం లేదు, నువ్వూ మీ నాన్నగారూ టీ తాగాక స్టేజీ పక్క గదిలోకి రండి, ఒకసారి వెనక్కి వంగి చూపిద్దువుగాని.